వీధి చివరి హోటల్లో భోజనం: ఒకరోజు బాగుండి, ఒకరోజు బాగోని చోట ఎలా తినాలి

బెజవాడలో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్లు, గుంటూరులో పిల్లల చదువు కోసం బ్రాడీపేటలో గది చూసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “మా వీధి చివర హోటల్లో మొన్న తింటే అదిరిపోయింది. నిన్న చుట్టాల్ని తీసుకెళ్తే పరువు పోయింది. అసలు ఆ హోటల్ మంచిదేనా?”

దీనికి అవుననో కాదనో ఒక్కమాటలో చెప్పలేం. చిన్న హోటల్లో వంటంతా ఒకరిద్దరు మాస్టర్ల చేతిలో ఉంటుంది. వడ్డించేది ముగ్గురో నలుగురో కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు ఊరెళ్లాడంటే ఆ పూట హాలంతా అవస్థే. పప్పు బ్రహ్మాండంగా కుదిరిన రోజే వేపుడు చల్లారిపోయి రావచ్చు. అయితే ఈ తేడా లాటరీ ఏమీ కాదు. ఏ వేళకి వెళ్లారు, ఏం అడిగారు, ఎక్కడ కూర్చున్నారు అన్నదాన్ని బట్టి చాలావరకు ముందే పసిగట్టొచ్చు. హోటల్ని మార్చేకన్నా మనం వెళ్లే వేళనీ, అడిగే ఐటమ్‌నీ మార్చుకోవడం తేలిక.

ఇక్కడ చెప్పేది మెస్‌లకి, భోజన హోటళ్లకి, టిఫిన్ సెంటర్లకి, సందులో ఉండే చిన్న బిర్యానీ హోటళ్లకి. బాబాయ్ హోటల్ ఇడ్లీ కోసం గాంధీనగర్ దాకా పనిగట్టుకుని వెళ్లే రోజున ఇంత లెక్క అక్కర్లేదు. వారానికి రెండు మూడు పూటలు తప్పనిసరిగా తినాల్సిన చోటుకే ఇదంతా.

కావలసినవి

- చేతిలో ముప్పావు గంట. పావుగంటలో తిని పరిగెత్తాలంటే టిఫిన్ సెంటర్‌కి వెళ్లండి, మీల్స్ జోలికి పోకండి.
- తోడు ఒక మనిషి. ఇద్దరైతే రెండు రకాలు రుచి చూడొచ్చు. ఆరుగురైతే అది పార్టీ అవుతుంది, పరీక్ష కాదు.
- పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని. ఫోన్‌పే, గూగుల్‌పే అన్నిచోట్లా ఉన్నాయి కానీ టిప్పుకి నోటే పనికొస్తుంది.
- మంచినీళ్ల సీసా. జగ్గులో నీళ్లు పడనివాళ్లకి మరీ ముఖ్యం.
- పార్సిల్ తెచ్చుకునే ఉద్దేశం ఉంటే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు రెండు.

1. వేళ చూసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. మధ్యాహ్నం మీల్స్‌కి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య కూర్చోండి. పన్నెండుకే వెళ్తే అన్నం ఉంటుంది, సాంబారు ఇంకా మరుగుతుంటుంది, వేపుడు “ఐదు నిమిషాలండీ” అంటారు. ఆ ఐదు నిమిషాలు పావుగంట అవుతాయి. రెండున్నర దాటితే మరో రకం కష్టం.

ఆ వేళకి హోటల్లో ఏం జరుగుతుందో ఒకసారి వంటగది గుమ్మం వైపు చూస్తే తెలుస్తుంది. పప్పు బకెట్ అడుగుకి వచ్చి ఉంటుంది. కుర్రాడు గ్లాసుడు వేడినీళ్లు పోసి, గరిటెతో రెండు తిప్పులు తిప్పి, అదే బకెట్ మళ్లీ హాల్లోకి తెస్తాడు. కూర గిన్నె అంచు చుట్టూ ఎండిన మసాలా గీత ఉంటుంది, పైన నూనె మీగడలా పేరుకుని ఉంటుంది. వేపుడులో ముక్కలు అయిపోయి, పొడీ కరివేపాకూ మిగులుతాయి. అప్పుడు తిని “ఈ హోటల్లో పప్పు నీళ్లగా ఉంటుంది” అని తీర్పు చెప్పేస్తే ఆ మాస్టర్‌కి అన్యాయం చేసినట్టే.

టిఫిన్‌కి ఏడున్నర, తొమ్మిది మధ్య మేలు. ఎండాకాలం బెజవాడలో పిండి ఎంత త్వరగా పులుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక దోసె పుల్లగా ఉంటే ఆశ్చర్యపోకండి. కొబ్బరి చట్నీ అయితే ఆ వేళకి అసలు ముట్టుకోకండి. పల్లీ చట్నీ కాస్త నయం, అల్లం పచ్చడి ఇంకా నయం.

రాత్రి భోజనం అన్నిచోట్లా నమ్మకంగా ఉండదు. మధ్యాహ్నం మిగిలిన కూరే రాత్రికి మళ్లీ పొయ్యెక్కే అవకాశం ఎక్కువ. రాత్రి తినాల్సి వస్తే అప్పటికప్పుడు పెనం మీద వేసేవే అడగండి: చపాతీ, దోసె, ఆమ్లెట్, ఊతప్పం.

రోజులకీ లెక్క ఉంది. మటన్ తినాలంటే ఆదివారం మధ్యాహ్నం. ఆ రోజు మాంసం ఎక్కువగా తెగుతుంది, ఎక్కువగా అమ్ముడవుతుంది, నిలవ ఉండదు. మంగళవారం, శనివారం నాన్‌వెజ్ మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది. కార్తీకమాసం, అయ్యప్ప, భవానీ దీక్షల రోజుల్లో అమ్మకం ఇంకా పడిపోతుంది. అమ్మకం పడిన రోజున ఫ్రిజ్‌లో సరుకు మిగులుతుంది. ఆ రోజుల్లో చిన్న హోటల్లో రొయ్యలూ చేపలూ అడగకపోవడమే మంచిది. కూరగాయల భోజనం మాత్రం ఆ సీజన్లోనే బాగుంటుంది, ఎందుకంటే అందరూ తినేది అదే.

హెచ్చరిక: దసరా ఉత్సవాల్లో, భవానీ దీక్షల విరమణ రోజుల్లో బస్టాండ్, వన్‌టౌన్ చుట్టుపక్కల హోటళ్లు జనాన్ని తట్టుకోలేవు. అప్పుడు రుచి గురించి కొలతలు వేయకండి. గుంటూరులో మిర్చి యార్డు దగ్గరి హోటళ్లది ఇంకో లెక్క. సరుకు జోరుగా వచ్చే నెలల్లో రైతులూ హమాలీలూ లారీ డ్రైవర్లూ వరసగా తింటారు కాబట్టి గిన్నెలు ఖాళీ అవుతూనే ఉంటాయి, కూర వేడిగా దొరుకుతుంది. యార్డుకి సెలవులిచ్చిన రోజుల్లో అదే హోటల్ వెలవెలబోతుంది.

2. బయట రెండు నిమిషాలు నిలబడండి

లోపలికి దూరేముందు చూడాల్సినవి నాలుగు.

తినేవాళ్లు ఎవరు? ఆటో డ్రైవర్లు, మెడికల్ రెప్‌లు, పక్క షాపుల గుమాస్తాలు కనిపిస్తే ధైర్యంగా వెళ్లండి. వాళ్లు రోజూ బయటే తింటారు. కడుపు పాడైతే మర్నాడు పని పోతుంది కాబట్టి చెడ్డచోటు రెండోసారి తొక్కరు.

చేతులు కడిగే చోటు ఎలా ఉంది? సబ్బు ఉందా, సింకులో మెతుకులు పేరుకున్నాయా? కస్టమర్‌కి కనిపించే మూలే అలా ఉంటే కనిపించని మూల గురించి ఆలోచించక్కర్లేదు.

గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు కాగితం ఉందా? అందులో 14 అంకెల నంబర్ ఉంటుంది. కాగితం ఉన్నంత మాత్రాన పప్పు బాగుంటుందని కాదు, కానీ రేపు ఏదైనా తేడా వస్తే ఆ నంబరే ఆధారం. అది చెల్లుబాటులో ఉందో లేదో కూడా చూడండి.

కౌంటర్లో ఓనరు కూర్చున్నాడా? ఇది చాలామంది పట్టించుకోరు. ఓనరు హాల్లో ఉన్న పూట వడ్డన తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కౌంటర్లో కుర్రాడు ఒక్కడే ఫోన్ చూసుకుంటూ కూర్చున్న పూట మీరు “సాంబార్” అని మూడుసార్లు పిలవాల్సిందే.

3. టేబుల్ తెలివిగా ఎంచుకోండి

ఫ్యాన్ కింద ఖాళీ ఉందని మూలకి పోయి కూర్చుంటారు. మూల టేబుల్‌కి వడ్డించేవాడు చివరికి వస్తాడు. ఈలోగా వేపుడు అయిపోతుంది. వంటగది నుంచి హాల్లోకి వచ్చే దారిలో, కానీ మరీ గుమ్మం పక్కన కాకుండా కూర్చోండి.

ఇంకో కిటుకు: అప్పుడే కూర్చున్నవాళ్ల పక్కన కూర్చోండి. పెళ్లి బంతిలో లాగే ఇక్కడా వరస ఉంటుంది. పక్కవాళ్లకి కూర వచ్చినప్పుడు మీకూ వస్తుంది, వాళ్లకి చారు వచ్చేసరికి మీరూ చారుకి వస్తారు. పెరుగన్నం తింటున్నవాళ్ల మధ్య మీరొక్కరే కొత్త ఆకు వేయించుకుంటే బకెట్లన్నీ మీ ఒక్కరి కోసం వెనక్కి రావాలి. రావు.

ఏసీ హాలు విడిగా ఉంటే రేటు ముందే అడగండి. వంటగది ఒక్కటే, కూర ఒక్కటే, రేటు మాత్రం వేరు. ఎండల్లో ఆ తేడా ఇవ్వడం తప్పేం కాదు, తెలిసి ఇవ్వండి చాలు.

4. సరిగ్గా అడగండి

“ఏం బాగుంటుంది?” అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: “అన్నీ బాగుంటాయి సార్.” ఆ కుర్రాడు ఇంకేమంటాడు పాపం. ఓనరు వింటుంటాడు కదా.

దానికి బదులు ఇలా అడగండి:

“తమ్ముడూ, ఇవాళ పప్పు ఏంటి? వేపుడు ఏంటి?”
“దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు సార్.”
“ఇప్పుడే దించింది ఏది?”
“గోంగూర మటన్ ఇప్పుడే వచ్చింది సార్. చికెన్ పొద్దుటిది.”

మూడో ప్రశ్నకి అబద్ధం చెప్పడం తక్కువ. వంటగదిలో ఏ గిన్నె దిగిందో వాడికి తెలుసు, చెప్పడానికి వాడికేం నష్టం లేదు. పైగా ఇప్పుడే దిగిన గిన్నె ఖాళీ అవ్వాలనే వాడూ కోరుకుంటాడు. పెద్దాయన వడ్డిస్తుంటే “బాబాయ్” అనో “అన్నా” అనో పిలవండి. “ఓయ్”, చప్పట్లు, చిటికెలు వద్దు. మన మర్యాద గొప్పకోసం చెప్పట్లేదు, చిటికె వేసిన టేబుల్‌కి అప్పడం కూడా విరిగిందే వస్తుంది.

స్పెషల్ అంటూ చెప్పే చేప వేపుడు, రొయ్యలు, నాటుకోడికి రేటు ముందే కనుక్కోండి. బోర్డు మీద రేటు లేని ఐటమ్ ఏదైనా సరే, “ప్లేటు ఎంత, ఎన్ని ముక్కలు” అని అడగడానికి మొహమాటపడకండి. బిల్లు దగ్గర గొడవపడే కన్నా ఇది నయం.

5. ఆ హోటల్ పని ఆ హోటల్‌ని చేయనివ్వండి

మీల్స్‌కి పేరున్న మెస్‌లో గోబీ మంచూరియా అడగడం, బిర్యానీ హోటల్లో పెసరట్టు ఉప్మా అడగడం మనం చేసే అతి మామూలు పొరపాటు. మెనూ కార్డులో నూరు ఐటమ్స్ ఉండొచ్చు. వాటిలో గంటగంటకీ కదిలేవి ఐదారే. ఆ ఐదారు ఏమిటో తెలుసుకోవడానికి నాలుగు టేబుళ్ల మీదికి ఒక చూపు విసిరితే సరిపోతుంది. అందరి ముందూ ఉన్నదే మీరూ తెప్పించుకోండి.

మొదటిసారి వెళ్తే ఫుల్ మీల్స్‌కి కాకుండా ప్లేట్ మీల్స్‌తో మొదలుపెట్టండి. నచ్చితే అదనంగా ఒక కూర చెప్పొచ్చు. టోకెన్ పద్ధతి ఉన్నచోట ఒక్కసారే అన్నిటికీ టోకెన్లు తీసుకోకండి. తీసుకున్న టోకెన్ వెనక్కి తీసుకోమంటే సాధారణంగా తీసుకోరు.

“అన్‌లిమిటెడ్” అన్న మాటకి ప్రతి హోటల్‌కీ తన అర్థం ఉంటుంది. చాలాచోట్ల అన్నం, పప్పు, సాంబారు, చారు ఎంతైనా వేస్తారు. వేపుడు రెండోసారికి గరిటె చిన్నదవుతుంది, పెరుగు కప్పు ఒక్కటే. కూర్చోగానే అడిగేస్తే మనసు కుదుటపడుతుంది.

ప్రత్యామ్నాయం: కారం తినలేనివాళ్లు వెంట ఉంటే “కారం తగ్గించి వేయండి” అనడం వల్ల ప్రయోజనం లేదు. ఆ కూర పొద్దున్నే పెద్ద గిన్నెలో అందరికీ కలిపి వండేశారు. గుంటూరులో అయితే మరీనూ. వాళ్లకి ముద్దపప్పో, పెరుగో, విడిగా ఆమ్లెట్టో చెప్పండి. ఆమ్లెట్ అప్పటికప్పుడు వేస్తారు కాబట్టి పచ్చిమిరపకాయ లేకుండా వేయించుకోవచ్చు.

6. మొదటి నాలుగు ముద్దలు పరీక్షకి

ఆకులోనో పళ్లెంలోనో అన్నీ పడ్డాక గబగబా కలిపేయకండి. ముందు అన్నం ముట్టుకోండి. ఆవిరి వస్తుంటే మంచిది. వండిన పదార్థాన్ని వేడిగా వడ్డించాలంటే 60 డిగ్రీల పైన ఉంచాలని ఆహార భద్రత నియమం. మన దగ్గర థర్మామీటర్ ఉండదు, ఆవిరే కొలత. అన్నం గోరువెచ్చగా, గట్టిపడి గడ్డలుగా ఉంటే కొత్తగా వార్చింది వేయమని అడగండి.

తర్వాత ఉత్త పప్పన్నం. పచ్చళ్లూ కూరలూ పక్కన పెట్టండి. మన వంటలో కారం, మసాలా, చింతపండు చాలా లోపాల్ని కప్పేస్తాయి, పప్పు మాత్రం దేన్నీ దాచలేదు. నీళ్లు కలిపారా, ఉడికీ ఉడకని కందిపప్పు తగులుతోందా, అడుగంటిన వాసన ఉందా, మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

ఆ తర్వాత వేపుడు, వాసన చూసి. పాత నూనె వాసన గొంతులో పట్టుకుంటుంది, తిన్న పదినిమిషాలకి కూడా పోదు. కూరలోనో సాంబారులోనో గరిటె ఎత్తినప్పుడు తీగ సాగినా, నురగ కనిపించినా అది పాచిపోయినట్టే. కొబ్బరి చట్నీ జిగురుగా ఉన్నా అంతే. బిర్యానీ ఎర్రగా, చికెన్ వేపుడు మెరిసే ఎరుపులో కనిపిస్తే అది కాశ్మీరీ మిర్చి గొప్పతనం అనుకోకండి. వేలికి అంటిన రంగు సబ్బుతో కడిగినా పోకపోతే ఆ ఐటమ్ ఇంకోసారి వద్దు.

హెచ్చరిక: వాసన తేడాగా ఉన్న మాంసాన్ని, పాచిపోయిన అన్నాన్ని “వేడి చేసి తీసుకురండి” అనకండి. కొన్ని క్రిములు వదిలిన విషం మళ్లీ మరిగించినా పోదు. అలాంటిది పక్కన పెట్టేయడమే.

7. బాగోకపోతే చెప్పే పద్ధతి

సగం తిన్నాక చెబితే ఎవరూ వినరు. తేడా కనిపించిన మొదటి ముద్దకే చెప్పండి. ముందు వడ్డించేవాడికి, వాడి వల్ల కాకపోతే కౌంటర్‌కి. గొంతు పెంచకండి. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారంటే ఓనరుకి మీ కూర కన్నా తన పరువే ముఖ్యమైపోతుంది, ఇక అక్కణ్ణుంచి అది వాదన.

“ఇదేం తిండండీ, మనుషులు తింటారా” అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. “ఈ వేపుడు చల్లారిపోయింది, వేడిది ఉంటే వేయండి. లేకపోతే దీని బదులు ఇంకో కూర ఇవ్వండి” అంటే చేయడానికి ఒక పని ఉంటుంది. చిన్న హోటళ్లలో డబ్బు వెనక్కి ఇవ్వడం కష్టం, కూర మార్చి ఇవ్వడం సులువు. ఆ సులువైనదే అడగండి. పదిలో ఎనిమిదిచోట్ల మారుస్తారు, ఒక్కోచోట ఓనరే స్వయంగా గిన్నె పట్టుకొస్తాడు.

వెంట్రుక వచ్చినా, పురుగు వచ్చినా తినడం ఆపేయండి. ముందు ఫోటో తీసుకోండి, తర్వాత పళ్లెం కదలనివ్వకుండా కౌంటర్ మనిషిని పిలవండి. ఆ ఐటమ్ బిల్లులో వేయొద్దని చెప్పండి. ఒప్పుకోకపోతే బిల్లు కట్టి, బిల్లు దాచుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోతో సహా ఫిర్యాదు పెట్టొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు.

వడ్డన ఆలస్యానికి మాత్రం ఫిర్యాదు కన్నా ముందుచూపు మేలు. చారు తింటుండగానే పెరుగు చెప్పండి. పెరుగు కలుపుతుండగానే బిల్లు చెప్పండి. అన్నం చాలనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం మన అందరికీ తెలిసిందే, కానీ కావాలనుకున్నప్పుడు తలెత్తి చూడడం మర్చిపోతాం. ఫోన్‌లో తల దూర్చినవాడి పక్క నుంచే సాంబారు బకెట్ వెళ్లిపోతుంది.

8. బిల్లు చదవండి

చాలామంది అడిగేది జీఎస్టీ గురించి. మామూలు హోటల్లో తిండికి పన్ను 5 శాతం. బిల్లులో అది సీజీఎస్టీ (కేంద్రం వాటా) 2.5, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 2.5గా విడిపోయి కనిపిస్తుంది. 400 రూపాయలు తింటే 10, 10 కలిపి 420. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఏమిటని అడగండి.

కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తేలిగ్గా పన్ను కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. వాళ్లు కట్టాల్సింది వాళ్ల చేతి నుంచే కట్టాలి. చీటీ మీద జీఎస్టీ నంబరే లేకుండా చేత్తో “ట్యాక్స్ 20” అని రాసిస్తే ఆ ఇరవై దేనికో అడిగే హక్కు మీకుంది.

సర్వీస్ ఛార్జ్ మన పేటల్లో తక్కువే కానీ కొత్తగా వచ్చిన ఫ్యామిలీ రెస్టారెంట్లలో అక్కడక్కడా కనిపిస్తోంది. దాన్ని బిల్లులో దానంతటదే కలిపేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి.

2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ వేయాలి. గోడ మీద నంబర్, బిల్లు మీద నంబర్ ఒకటేనా అని ఒకసారి చూసుకుంటే సరి. టేబుల్ మీద ముందే పెట్టి ఉంచిన నీళ్ల సీసా మూత తీశారంటే అది బిల్లులోకి వచ్చినట్టే, వద్దనుకుంటే కూర్చోగానే వెనక్కిచ్చేయండి.

టిప్పు ఇవ్వదలిస్తే వడ్డించినవాడి చేతిలోనే పెట్టండి. పదో ఇరవయ్యో, మీ ఇష్టం. మళ్లీ వచ్చే చోటైతే పేరు కూడా అడిగి గుర్తుపెట్టుకోండి. రెండోసారి పేరు పెట్టి పిలిస్తే వేపుడు గరిటె నిండుగా పడుతుంది, ఇందులో రహస్యం ఏమీ లేదు.

9. పార్సిల్ అయితే

హోటల్లో కూర్చుని తిన్నదానికీ పార్సిల్‌కీ చాలా తేడా ఉంటుంది, పార్సిల్ తిని హోటల్‌కి మార్కులు వేయకండి. మరుగుతున్న సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండ్ చుట్టి ఇస్తారు. మీ స్టీలు డబ్బా ఇవ్వండి, ఎవరూ కాదనరు. కౌంటర్ దగ్గరే విప్పి లెక్క చూసుకోండి: పప్పు, కూర, వేపుడు, పచ్చడి, సాంబారు, పెరుగు, అప్పడం. ఇంటికెళ్లాక పెరుగు లేదని ఫోన్ చేస్తే “పెట్టామండీ” అంటారు.

తెచ్చిన రెండు గంటల్లోపు తినేయండి. ఎండాకాలం అయితే ఇంకా ముందే. మిగిలిన అన్నం బయట ఉంచి రాత్రికి తినొద్దు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఒక్క పూట తిని తీర్పు చెప్పేయడం. ఆదివారం ఒంటిగంటంపావుకి ఎనిమిదిమందిని వెంటేసుకుని వెళ్లి “సర్వీస్ బాగోలేదు” అనడం. ఫోన్‌లో నాలుగు నక్షత్రాలు చూసి నమ్మేయడం కూడా ఇందులోకే వస్తుంది. రేటింగ్ చూడాలనుకుంటే మొత్తం మార్కులు వదిలేసి, ఈ రెండు నెలల్లో వచ్చిన తక్కువ మార్కుల మాటలే చదవండి. “ఆలస్యం” అని పదిమంది అంటే ఓపిక పట్టుకుని వెళ్లొచ్చు. “కడుపు పాడైంది” అని ఇద్దరన్నా వెళ్లకండి.

ఇంకొకటి, చుట్టాలు వచ్చిన రోజున కొత్త హోటల్ ప్రయత్నించడం. ప్రయోగాలన్నీ ముందే ఇద్దరే వెళ్లి చేయాలి. చుట్టాలొచ్చిన రోజున తెలిసిన హోటల్‌కి, తెలిసిన వేళకి, కుదిరితే పన్నెండున్నరకే వెళ్లి, ఓనరుకి ముందు ఫోన్ చేసి “ఇంతమందిమి వస్తున్నాం” అని చెప్పండి. ఆ ఒక్క ఫోన్‌తో సగం టెన్షన్ తగ్గుతుంది.

కుదిరిందో లేదో ఎలా చూసుకోవాలి

మూడు వేర్వేరు వేళల్లో వెళ్లండి: పనిరోజు మధ్యాహ్నం, ఆదివారం మధ్యాహ్నం, ఒక రాత్రి. మూడుసార్లూ కూర ఏదైనా తినండి కానీ పప్పు, చారు, పెరుగు మాత్రం తప్పకుండా చూడండి. ఈ మూడూ ప్రతిరోజూ ఉంటాయి, వీటిని ఎవరూ స్పెషల్‌గా వండరు. అందుకే మాస్టర్ చేయి ఏమిటో వీటిలోనే తెలుస్తుంది. మూడుసార్లూ మూడూ బాగుంటే ఆ హోటల్ మీది. పప్పూ చారూ ఎప్పుడూ బాగుండి కూరలు మాత్రం తడబడుతుంటే అక్కడ ప్లేట్ మీల్స్‌తో ఆగిపోండి, కూర ఇంట్లో వండుకోండి, లేదా కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. పెరుగు మూడుసార్లూ పుల్లగా, నీళ్లగా ఉంటే నేనైతే ఆ హోటల్ వదిలేస్తాను. పెరుగు దగ్గర కక్కుర్తి పడినవాడు నూనె దగ్గర పడకుండా ఉంటాడని నాకు నమ్మకం లేదు.

కడుపు చెప్పే మాట కూడా వినండి. సాయంత్రానికి ఛాతీలో మంట, పుల్లతేన్పులు వస్తే అది కారమో పాత నూనో తెలుసుకోవడానికి ఇంకోసారి వేపుడు లేకుండా తిని చూడండి. విరేచనాలు పట్టుకుంటే మాత్రం ప్రయోగాలు ఆపి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినంత నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా తాగండి. జ్వరం, రక్తం, ఆగని వాంతులు ఉన్నా, పిల్లలకీ గర్భిణులకీ పెద్దవాళ్లకీ వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బిల్లు పారేయకండి.

చివరగా ఒక పని: ఫోన్‌లో నోట్ ఒకటి పెట్టుకుని హోటల్ పేరు, తిన్న వేళ, బాగున్న ఐటమ్, వడ్డించినవాడి పేరు రాసుకోండి. మూడు నాలుగు నెలలకోసారి “మాస్టర్ ఆయనేనా?” అని కౌంటర్లో అడగండి. మారాడంటే ఆ నోట్ కొట్టేసి, ఒక పనిరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి ప్లేట్ మీల్స్‌తో మళ్లీ మొదలుపెట్టండి.